మనిషి పనిలో ఉన్నాడు

రోడ్డు పక్కన ఎవరి బండి స్టార్టయినా నేను ఒక్క క్షణం ఆగి చెవి పెడతాను. చైను వదులుగా ఉందా, క్లచ్ సరిగ్గా విడుస్తోందా, గేరు పడేటప్పుడు ఒకటే శబ్దం వచ్చిందా, రెండొచ్చాయా అని వింటాను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. జబ్బే. సెక్టర్ 7లో మా వెనక వీధి మావయ్య నాకు అంటించిన జబ్బు. ఆయన నాకు చుట్టమేమీ కాదు. భిలాయిలో విజయనగరం వాళ్ళూ శ్రీకాకుళం వాళ్ళూ ఒకే చోట రెండేళ్ళుంటే చాలు, వరసలు వాటంతటవే వచ్చేస్తాయి. పోయిన నెల ఆయన పోయారు.

స్టీలు ప్లాంటులో ఆయన చేసిన పని గేరుబాక్సుల మరమ్మతు. గేరుబాక్సంటే బండి కింద ఉండే చిన్న డబ్బా అనుకునేరు. గదంత ఉంటాయట, మనిషి లోపలికి దిగి పని చేయాలట. అలాంటి వాటితో బతికిన మనిషి రిటైరయ్యాక ఊరుకుంటారా? వీధిలో కుట్టుమిషన్లు, మిక్సీలు, కుళాయిలు, స్కూటర్లు అన్నీ ఆయన పెరట్లోకి చేరేవి. పైన చొక్కా లేకుండా గళ్ళ లుంగీ కట్టి, కాళ్ళకు మాత్రం ప్లాంటు బూట్లు వేసుకునేవారు. బూట్లు లేకుండా పాన పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ వేషంలో ఆయన పెరట్లోంచి వీధిలోకి వస్తే చిన్నపిల్లలు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని.

ఆయన దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటుండేది. చెక్క పిడి, చేతి జిడ్డుకు తేనె రంగు తిరిగింది. నడుస్తున్న మిషను మీద దాని మొన ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచి నిలబడేవారు. నోరు మూస్తే చెవి సగమే పనిచేస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ సమయంలో ఎవరైనా మాట్లాడితే ఎడమ చెయ్యి పైకి లేచేది. ఆ చేతికి ఉంగరం వేలు సగమే ఉండేది. వేలేమైందని అడిగితే మొహమాటం లేకుండా చెప్పేవారు. ప్లాంటులో ముప్ఫై ఆరేళ్ళు పదివేళ్ళతో పనిచేసి, ఇంటికొచ్చి సొంత పెరట్లో, బండి ఇంజను ఆపకుండా చైను తుడుస్తూ తొమ్మిదిన్నర చేసుకున్నానని.

వేలు తెగిన ఆ రోజు నుంచే ఆయన ప్లాంటు పద్ధతి ఒకటి ఇంట్లోకి తెచ్చారు. ప్లాంటులో ఏ మిషను మీద పని మొదలెట్టినా ముందు దాని స్విచ్చికి ఎర్ర కార్డు ఒకటి కడతారు. మనిషి పనిలో ఉన్నాడు, ముట్టుకోవద్దు అని దాని అర్థం. కింద ఆ మనిషి పేరు. కట్టినవాడే విప్పాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకరి కార్డు మీద చెయ్యి వేయకూడదు. మావయ్య పాత పెళ్ళి శుభలేఖల ఎర్ర అట్టలు చతురస్రాలుగా కత్తిరించి, మూలకు కన్నం పెట్టి, పురికొస దారం దూర్చి ఒక డబ్బా నిండా పెట్టుకున్నారు. ఒకవైపు ఆయన గుండ్రటి అక్షరాలతో 'మనిషి పనిలో ఉన్నాడు', తిప్పితే బంగారు రంగులో సగం తెగిన వినాయకుడో, 'బంధుమిత్ర సపరివార'మో ఉండేది. ఒక రోజు గ్యాసు పొయ్యికి కార్డు కట్టి రెగ్యులేటరు కోసం సుపేలా బజారుకు వెళ్ళి, అక్కడ ఎవరో దొరికితే కబుర్లలో పడిపోయారు. పదకొండింటిదాకా ఇంట్లో కాఫీ లేదు. పెళ్ళినాడే నా మెళ్ళో కూడా ఓ కార్డు కట్టీసుంటే ఈపాటికి బాగుపడిపోదును అని అత్త వీధి అంతటికీ వినిపించేలా అంది.

ఇక నా బండి సంగతి.

ఎనిమిదేళ్ళ కిందట నేను ఒక ల్యాబులో చేరాను. ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసుకురావడం నా పని. పరగడుపు రక్తం కదా, ఆరింటికల్లా మొదటి ఇంట్లో ఉండాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే నెహ్రూ నగర్‌లో ఒక షుగరు తాతగారు ఫోన్ చేసి, బేటీ, ఆకలేస్తోంది, బిస్కెట్ తినేయనా అని బెదిరించేవారు. ఆ వేళకు ఆటోలుండవు. నాన్న రిటైరయ్యాక వాడటం మానేసిన పాత మోటారుసైకిలు నాకు దక్కింది కాబట్టే ఆ ఉద్యోగం దక్కింది. మా వీధిలో ఆడపిల్లలు స్కూటీలు నడిపేవారు. గేర్ల బండి నేనొక్కదాన్నే. దాని మీద నాకెంత పొగరుండేదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఒక గురువారం సుపేలా ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతుంటే మూడో గేరు జారిపోయింది. ఇంజను ఒక్కసారిగా కేక పెట్టింది, బండి మాత్రం కదల్లేదు. వెనక లారీ. దాని హారను నా వీపులోంచి దూసుకుపోయినట్టైంది. ఎలాగో పక్కకు లాగాను. రక్తం డబ్బా ఒళ్ళో పెట్టుకుని రెయిలింగు పక్కన కూర్చున్నాను. అక్కడి నుంచి మెకానిక్ దగ్గరికి తోసుకెళితే, అతను రెండుసార్లు గేరు వేసి చూసి, మూడో గేరు పళ్ళు అరిగిపోయాయి దీదీ, ఇంజను దింపి మొత్తం విప్పాలి, వారం పడుతుంది, విప్పినా గ్యారంటీ లేదు అన్నాడు. లారీ మాట ఇంట్లో చెప్పి నేను తప్పు చేశాను. నాన్న ఇంకేమీ వినలేదు. దుర్గ్‌లో బట్టల కొట్టాయన ఒకరు ఎప్పటినుంచో ఆ బండి అడుగుతున్నారు, ఉన్నదున్నట్టు తీసుకుంటారట. ఆదివారం పొద్దున్న రమ్మని నాన్న నా ముందే ఆయనకు ఫోన్ చేశారు. బండి పోతే సోమవారం నుంచి నాకు ఉద్యోగం లేనట్టే. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బండిని తోసుకుంటూ వెనక వీధికి పోయాను.

మావయ్య బండి వైపు చూడనే లేదు. అరుగు మీద కూర్చోబెట్టి నన్ను ప్రశ్నలు అడిగారు. ఏ గేరు? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఇంజను వేడెక్కాకా, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు కూడానా? యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు జారిందా, వదిలినప్పుడా? నేను దేనికీ సరిగ్గా చెప్పలేకపోయాను. రోజూ ఇంటింటికీ వెళ్ళి రాత్రి ఎన్నింటికి తిన్నారు, మాత్ర వేసుకున్నారా అని జనాన్ని దబాయించేదాన్ని, నా బండికి ఏమైందో నాకే తెలియదు. విప్పేయండి మావయ్యా, ఆదివారం లోపల అయిపోవాలి అని నేను తొందరపెడితే ఆయన తాపీగా లేచి బూట్లు వేసుకున్నారు.

శుక్రవారం సాయంత్రం ఆయన నా వెనక సీటు మీద ఎక్కారు. డెబ్బై దాటిన మనిషి, లుంగీ ఎగ్గట్టి, చేతిలో స్క్రూడ్రైవరు కత్తిలా పట్టుకుని. జనం తక్కువున్న రోడ్ల మీద నన్ను అరగంట తిప్పారు. రెండు వెయ్, లాగు, ఒగ్గీ, మూడు వెయ్, లాగు. నేను పట్టించుకోనిది అప్పుడు తెలిసింది. మూడే కాదు, రెండూ జారుతోంది, నాలుగూ జారుతోంది. మూడు ఎక్కువగా వాడతాను కాబట్టి మూడే అనుకున్నాను. తర్వాత, గేరు వేశాక పెడలు మీద కాలు అలాగే ఆనించి ఉంచమన్నారు.

"కాలికి తన్నుతందేటి?"

లేదన్నాను. కాలు ఆనించి ఉంటే గేరు బుద్ధిగా నిలబడే ఉంది. ఆయన నా భుజం మీద స్క్రూడ్రైవరు పిడితో గట్టిగా కొట్టారు. నొప్పి పుట్టింది కానీ ఆ దెబ్బలో ఉన్న సంతోషం నాకూ తగిలింది.

"ఒక గదిలో లైటు పోతే బల్బు సూడాల. ఇల్లంతా పోతే ఫ్యూజు సూడాల. ఆ మెకానిక్ బల్బు మారుస్తానంతన్నాడు. పళ్ళరిగితే నీ కాలు తన్నీసి మరీ జారును. పళ్ళు ఠీక్‌గానే ఉన్నాయి. పద ఇంటికి."

శనివారం నాకు సగం రోజు పని, ఆ పూటకు పక్కింటి స్కూటీ అడిగి తీసుకున్నాను. ఒంటిగంటకు పెరట్లో ఉన్నాను. బండి హ్యాండిలుకు అప్పటికే ఎర్ర కార్డు వేలాడుతోంది. తాళంచెవి బండికే ఉంది. కార్డుంటే తాళం దాచక్కర్లేదని ఆయన పద్ధతి. ఇంజను కింద బోల్టు విప్పి నూనె దింపారు. ఈ బళ్ళలో ఇంజనుకూ గేర్లకూ ఒకటే నూనె. దాన్ని పాత తెల్ల పంచె గుడ్డలోంచి వడకట్టారు. నువ్వు రక్తం తీసి చెప్తావు, నేను నూనె తీసి చెప్తాను, ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం అన్నారు. పళ్ళు విరిగి ఉంటే ఇనుప ముక్కలు మిగలాలి. గుడ్డ మీద నల్లటి జిడ్డు తప్ప ఏమీ లేదు. ఆయన దాన్ని వేలితో రాస్తూ పోతూ ఒక చోట ఆగారు. సన్నటి తీగ ముక్క. చిటికెన వేలి గోరంత ఉంది, కొస వంకీ తిరిగి ఉంది.

స్ప్రింగు విరిగింది. ఇద్దరం ఒకేసారి చూశాం. నాకు గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే, ల్యాబులో ఎవరిదైనా అంతుపట్టని జ్వరం రిపోర్టులో దొరికినప్పుడు కూడా అంత కొట్టుకోలేదు. ఆయన అత్తను పిలిచి, ఇదిగో దొరికీసాడు దొంగ అని ఆ ముక్కను చూపించారు. పిండి కలుపుతున్న చేత్తోనే వచ్చి చూసిన అత్త, దీనికోసమా నా పంచె గుడ్డ చింపీసేరు అని వెళ్ళిపోయింది.

ఇంజను కుడివైపు కవరు విప్పడానికి ముందు ఆయన చెప్పుల పెట్టె మూత మీద ఆ కవరు బొమ్మ గీశారు. ఏ బోల్టు ఎక్కడ విప్పితే బొమ్మలో అక్కడే కన్నం పొడిచి గుచ్చమన్నారు. ఒక బోల్టు పొట్టి, ఒకటి పొడుగు, తారుమారైతే కవరు పగులుతుంది. కవరు ఊడి వచ్చింది, క్లచ్ ఊడి వచ్చింది. వెనకాల చిన్న నక్షత్రం లాంటి చక్రం కనిపించింది. గేరు మార్చినప్పుడల్లా అది ఒక గుంట తిరుగుతుంది. ఆ గుంటలో ఒక చిన్న రోలరు వచ్చి కూర్చోవాలి. దాన్ని నొక్కి ఉంచే స్ప్రింగు సగమే మిగిలి వేలాడుతోంది, అందుకే ఏ గేరూ నిలవడం లేదు. ఇంజను దింపక్కర్లేదు, వారం అక్కర్లేదు. సుపేలాలో స్ప్రింగు దొరికింది, కవరుకు కొత్త ప్యాకింగు దొరికింది. కొట్టువాడు విరిగిన ముక్క చూసి, ఇంత చిన్నదానికా దీదీ అన్నాడు. అవును భయ్యా, ఇంత చిన్నదానికే అని నేను దాదాపు గంతులు వేస్తూ తిరిగొచ్చాను.

ఆదివారం తొమ్మిదింటికి కవరు మూతపడింది. చెప్పుల పెట్టె మూత మీద ఒక్క బోల్టు మిగల్లేదు. అత్త ఉప్మాకు పిలిస్తే మావయ్య చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు. పదింటికి బట్టల కొట్టాయన వస్తాడు. బండి మెరుస్తూ నిలబడి ఉంది. నాకు ఓపిక అనేది దేవుడు పెట్టలేదు. ఒక్కసారి మూడో గేరు వేసి చూద్దామనిపించింది. హ్యాండిలుకున్న కార్డు దారం లాగి తీసి పక్కన పడేసి, తాళం తిప్పి కిక్కు కొట్టాను. బండి మొదటి దెబ్బకే లేచింది. రెండో క్షణంలో మావయ్య తడి చెయ్యి వచ్చి తాళం ఆపేసింది. అంత వేగంగా ఆయన ఎలా వచ్చారో నాకిప్పటికీ తెలియదు.

నూనె పొయ్యలేదు. దింపిన నూనె దింపినట్టే బేసిన్‌లో ఉంది, కొత్త డబ్బా మూత కూడా తియ్యలేదు. ఇంకో నిమిషం నడిస్తే ఇంజను లోపలే పట్టేసి, అన్నీ అరిగి, మెకానిక్ చెప్పిన మాట నా చేతులతో నేనే నిజం చేసేదాన్ని. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. కింద పడ్డ కార్డు తీసి, లుంగీకి తుడిచి, ముందు దాన్ని మళ్ళీ హ్యాండిలుకు కట్టారు.

"ఈ కార్డు బండికి కట్టింది కాదు పాపా. నాకు కట్టుకున్నది. దాన్ని నువ్వు తీసీసేవంటే, మనిషి లేడనీసేవన్నమాట."

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. సారీ మావయ్యా అన్నాను. ఆయన డబ్బాలోంచి ఖాళీ ఎర్ర కార్డు ఒకటి, పెన్ను ఒకటి తెచ్చి నా చేతికిచ్చారు.

"షిఫ్టయిపోనాదనుకో, పనవ్వలేదనుకో. నేను ఇంటికెళ్ళాల. అప్పుడేటి సేస్తాం? ఎనకొచ్చినోడు ముందు ఆడి కార్డు కట్టాల. కట్టీసేకే నేను నాది ఇప్పుతాను. మద్దిలో ఒక్క సెకను కార్డు లేకుండా ఉండకూడదు. నా షిఫ్టయిపోనాది. నాకు ఆకలేస్తంది. నీ పేరు రాయి."

రాశాను. నా తెలుగు అక్షరాలు బడిలో నేర్చుకున్నవి కావు, అమ్మ నేర్పినవి. 'మనిషి' అని రాయడానికే వంకరలు పోయాయి. నాది కట్టాక ఆయన తనది విప్పుకుని లుంగీ మొలలో దోపుకుని, ఉప్మా పళ్ళెం పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. మొదటినుంచీ చూడు, ప్రతి బోల్టూ ముట్టుకో అన్నారు. ముట్టుకున్నాను. గరాటు పెట్టి నూనె సన్నటి ధారగా పోస్తున్నాను. అప్పుడు నాన్న, ఆయన వెనక బట్టల కొట్టాయన పెరట్లోకి వచ్చారు.

బట్టల కొట్టాయన వస్తూనే బండి చుట్టూ ఒకసారి తిరిగి తాళం మీద చెయ్యి వేయబోయాడు. నాన్న అంతకుముందే కార్డు చూశారు. నాన్న కూడా ప్లాంటు మనిషే. ఆయన చెయ్యి దానంతటదే అడ్డం వచ్చింది.

"రుకియే భయ్యా. కార్డ్ లగా హై."

కార్డు కట్టి ఉంది, ఆగమంటే, ఎవరి కార్డు, ఏం కార్డు అని బట్టల కొట్టాయన అయోమయంగా అడిగాడు. మా అమ్మాయిది, తను విప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు అని నాన్న హిందీలో చాలా మర్యాదగా చెప్పారు. చెప్పాకే తానేమన్నారో తనకు తెలిసినట్టుంది, నా వైపు చూశారు. నేను తలెత్తలేదు. నూనె పోశాను, ఆగాను, గేజు కడ్డీ తుడిచి చూశాను, మళ్ళీ కాస్త పోశాను, మళ్ళీ ఆగాను. జీవితంలో ఏ పనీ అంత నెమ్మదిగా చెయ్యలేదు. మావయ్య ఉప్మాలో జీడిపప్పు ఏరుకుని ఒక్కొక్కటే తిన్నారు. బట్టల కొట్టాయన పావుగంట చూసి, గడియారం చూసుకుని, కొట్టు తెరవాలి, సాయంత్రం వస్తాను అని వెళ్ళిపోయాడు.

అప్పుడు కార్డు విప్పాను. నాన్న వెనక సీటు ఎక్కారు. ఓవర్‌బ్రిడ్జి మొదట్లో మూడో గేరు వేశాను. పడింది. అరచేతిలో అరచెయ్యి పడ్డంత గట్టిగా పడింది. కాలు తీసేశాను. సగం ఎక్కాం, గేరు ఉంది. పైకొచ్చాం, ఉంది. నేను హెల్మెట్టులో గట్టిగా అరిచాను. పక్కన ఆటోలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. దిగేటప్పుడు నాన్న నా చెవి దగ్గరకు వంగి, రేపు ఎన్నింటికి వెళ్ళాలి అని అడిగారు. ఆరింటికన్నాను. ఐదింటికి లేపుతానన్నారు. సాయంత్రం బట్టల కొట్టాయన ఫోన్ చేస్తే, పని ఇంకా అవ్వలేదని చెప్పారు. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు చేసినా నాన్నది అదే మాట.

ఆ బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తర్వాత దాన్ని విప్పిన ప్రతిసారీ మావయ్య అరుగు మీద కూర్చుని చూశారే తప్ప చెయ్యి పెట్టలేదు. కవరు మీద స్క్రూడ్రైవరు ఆనించి నేను కళ్ళు మూసుకుంటే, నోరు తెరువ్ అని గుర్తు చేసేవారు.

పోయిన నెల కార్యక్రమాలన్నీ అయ్యాక ఒక ఆదివారం అత్తను చూడటానికి వెళ్ళాను. రాయపూర్ నుంచి వచ్చిన వాళ్ళబ్బాయి సామాన్లు సర్దుతున్నాడు. పెరట్లో ఒక మూల తప్ప అంతా ఖాళీ చేశాడు. ఆ మూలలో ఇంటి గ్రైండరు పడుకోబెట్టి ఉంది, కింది మూత సగం విప్పి ఉంది. వైరుకు ఎర్ర కార్డు. అమ్మ ముట్టుకోనివ్వడం లేదు దీదీ, కొత్తది కొంటానన్నా వినడం లేదు అని అతను నాతో హిందీలో మొరపెట్టుకున్నాడు. అత్త పక్కింట్లో పప్పు రుబ్బించుకుంటోందట.

నేను వంగి కార్డు చూశాను. మనిషి పనిలో ఉన్నాడు. కింద ఆయన పేరు. పక్కన పాత అట్టపెట్టె మూత, దాని మీద గ్రైండరు అడుగు బొమ్మ, విప్పిన నాలుగు స్క్రూలు గుచ్చి ఉన్నాయి. ఇంకా రెండు కన్నాలు ఖాళీగా ఉన్నాయి. పని అక్కడ ఆపి మావయ్య లోపలికి వెళ్ళి పడుకున్నారట, మళ్ళీ లేవలేదు. అత్త నా వెనకే వచ్చి నిలబడింది.

"నానిప్పలేనే. అలగని ఆడినీ ఇప్పనివ్వలేదు. నువ్వొస్తావని ఉంచేను."

నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఇద్దరం ఏడ్చాం. తర్వాత అటక మీది డబ్బా దింపమన్నాను. అందులో ఎర్ర కార్డులు ఇంకా బోలెడున్నాయి. ఒకటి తీసి తిప్పితే బంగారు రంగులో నా పెళ్ళి తేదీ కనిపించింది. నా శుభలేఖ కూడా ఆయన వదల్లేదు. దాని వెనక, ఇప్పుడు కొంచెం వంకర తగ్గిన అక్షరాలతో, మనిషి పనిలో ఉన్నాడు అని రాసి నా పేరు పెట్టాను. వైరుకు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాను. అది కట్టాకే ఆయన ముడి విప్పాను. అత్త చెయ్యి చాపింది, కార్డు ఆమె చేతిలో పెట్టాను.

బూట్లు తెచ్చుకోలేదని గుర్తొచ్చింది. గుమ్మం పక్కన మావయ్య బూట్లున్నాయి. కాళ్ళు దూర్చితే వదులుగానే ఉన్నాయి, లేసు బిగించాను. గ్రైండరు ముందు కూర్చుని ఐదో స్క్రూ మీద స్క్రూడ్రైవరు పెట్టాను.